దిగిన ఫొటో, తీసిన ఫొటో

తెలుగులో ఫొటోకి రెండు క్రియలున్నాయి. కెమెరా పట్టుకున్నవాళ్ళు ఫొటో తీస్తారు. కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు ఫొటో దిగుతారు. ‘పెళ్ళిలో ఫొటో దిగాం’, ‘అన్నవరం వెళ్ళినప్పుడు అందరం కలిసి ఫొటో దిగాం’ అంటాం. ఎవరో మనల్ని తీశారని కాదు, మనమే ఒక పని చేశామని ఆ మాటకి అర్థం. కొంగు సర్దుకోవడం, పిల్లాడి తల దువ్వడం, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో తేల్చుకోవడం, రెండు క్షణాలు ఊపిరి బిగపట్టడం, ఇదంతా దిగడంలోకే వస్తుంది. పుట్టినప్పటి నుంచి ఈ మాట వాడుతున్నా, అందులో ఒక హక్కు దాగి ఉందని నాకెప్పుడూ తట్టలేదు. చావు జరిగిన ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి ఫొటో అడిగేదాకా తట్టలేదు.

అతను వచ్చింది 2022లో, ఒక సాయంత్రం. “మేడం గారూ, మీరు అప్పట్లో మా అమ్మని చాలా ఫొటోలు తీశారు కదండీ. ఒకటి ఇప్పించండి, పెద్దకార్యానికి పటం కట్టించాలి” అన్నాడు. తప్పకుండా అన్నాను. అతన్ని కూర్చోబెట్టి కంప్యూటరు తెరిచాను. ఆవిడ ఫొటోలు నలభై మూడు ఉన్నాయి. క్రోషే సూది మీద వంగిన వేళ్ళు. ఒళ్ళో పరుచుకున్న తెల్లటి లేసు. కిటికీ వెలుగులో నల్లటి ఆకారం. వెనక నుంచి తీసిన ముడి, మెడ. తల వంచుకుని ఉండగా పైనుంచి తీసిన పాపిడి. ఒక్కొక్కటీ జరుపుతూ వెళ్ళాను. అతను మర్యాదగా చూస్తున్నాడు. చివరిదాకా వచ్చాక మళ్ళీ మొదటికి వెళ్ళాను. నలభై మూడింటిలో ఒక్క దానిలో కూడా ఆవిడ ముఖం లేదు.

“పర్లేదండి, ఆధార్ కార్డు మీదది ఉంది, దాన్నే పెద్దది చేయిస్తాను” అని అతను లేచాడు. ఆ “పర్లేదండి” అన్న మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఈ వ్యాసం దాని గురించే.

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలవబోయే చోటికి కాస్త ఎగువన ఉన్న చిన్న పట్నం. ఇక్కడ తొమ్మిదిమందిమి కలిసి ఆదివారాలు ఫొటోలు తీస్తుండేవాళ్ళం. అందులో ముగ్గురం ఆడవాళ్ళం. కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు, బ్యాంకు ఉద్యోగి, నర్సు, స్టూడియో నడిపే ఆయన, డిగ్రీ పిల్లలు. మొదట రేవులో సూర్యోదయాలు, పడవలు, చేపల బజారు, కొంగలు తీశాం. తర్వాత కూలిపోతున్న మండువా లోగిళ్ళని తీసి, హైస్కూలు హాల్లో ప్రదర్శన పెట్టాం. ఊరు ఊరంతా వచ్చి తమ తాతల ఇళ్ళని గుర్తుపట్టింది. ఆ ఉత్సాహంలో 2018లో లేసు పని మీదికి మళ్ళాం.

మళ్ళడానికి కారణం నేనే. మరియా మీస్ పుస్తకం చదివినవాళ్ళెవరికైనా నరసాపురం పేరు వినగానే లేసు గుర్తొస్తుంది. ఆ జర్మన్ స్త్రీవాద సామాజికవేత్త 1970ల చివర్లో ఈ ప్రాంతంలో తిరిగి, 1982లో ‘నరసాపురం లేసు కార్మికులు’ అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేసింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు ఇక్కడి పేద క్రైస్తవ స్త్రీలకి నేర్పిన పని తర్వాత ఇతర కులాల ఇళ్ళలోకి ఎలా చేరిందో, ఘోషా పాటించే కాపు కుటుంబాల స్త్రీలు గడప దాటకుండానే ప్రపంచ మార్కెట్‌కి ఎలా సరుకు తయారుచేశారో ఆమె రాసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీని అందరూ ‘గృహిణి’ అంటారు, ఆమె చేసేదాన్ని ‘తీరిక వేళల పని’ అంటారు, ఆ పేరు పెట్టబట్టే ఆ కూలి అంత తక్కువగా ఉండగలిగింది అన్నది ఆమె వాదన. ‘చేతిపని’, ‘అతుకుపని’ అని మా ఇళ్ళలో అలవాటుగా వినిపించే మాటలు ఆ ఇంగ్లీషు పుస్తకంలో కనబడినప్పుడు నాకు సిగ్గూ గర్వమూ కలిగాయి. కనబడని శ్రమని కనబడేలా చేయాలి, అదే మా ప్రాజెక్టు అన్నాను. బృందంలో ఎవరూ కాదనలేదు.

ఇళ్ళలోకి వెళ్ళాల్సింది మాత్రం మేం ముగ్గురమే. మగవాళ్ళు వీధిలో నిలబడ్డారు. అది తెలివైన ఏర్పాటు అనుకున్నాం. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరిచి, పరదా స్త్రీల ఫొటోలు తీయడానికి ఒక ఆంగ్ల మహిళని పెట్టాడు. ఆ సంగతి చదివినప్పుడు, తీసేది స్త్రీ అయితే చాలు, చూపు మారిపోతుంది అన్నట్టుగా నాలో ఒక నమ్మకం ఉండేది. అయితే ఆ స్టూడియోకి స్త్రీలు తామే వెళ్ళేవాళ్ళు. ముస్తాబై, ఫొటో దిగడానికి వెళ్ళేవాళ్ళు. మేం మాత్రం వాళ్ళు పనిలో ఉండగా వాళ్ళ ఇంట్లోకి వెళ్ళాం. ఈ తేడా అప్పుడు నాకు కనబడలేదు.

ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. వసారాలో గోడకి ఆనుకుని అల్లుతోంది. కెమెరా చూడగానే సూది పక్కన పెట్టి లేచింది. “ఒక్క నిమిషం ఆగండమ్మా, చీర మార్చుకుని వచ్చేస్తాను” అంది. “వద్దండి, అలాగే ఉండండి, సహజంగా బాగుంటుంది” అన్నాను. “ఈ చీరలోనా!” అని నవ్వింది. “తల కూడా దువ్వుకోలేదు. పని చేసుకునే మొహం రోజూ ఉండేదేగా, మంచి మొహం ఒకటి తీయండి” అంది. నేను ఆవిడని ఒప్పించాను. పాఠాలు చెప్పి చెప్పి ఒప్పించడం నాకు బాగా వచ్చు. ఆవిడ మళ్ళీ కూర్చుని సూది అందుకుంది. తర్వాత మేం వెళ్ళిన ఏ రోజూ చీర మాట ఎత్తలేదు. ముఖం కూడా పైకి ఎత్తలేదు. దాన్ని నేను ఏకాగ్రత అనుకున్నాను.

సహజం అంటే ఏమిటి? మన ఇంటికి చెప్పకుండా ఎవరైనా వస్తే మాసిన చీర చూసుకుని మనం ఇబ్బందిపడతాం కదా, ఆ ఇబ్బంది సహజం కాదా? నలుగురి కళ్ళ ముందుకీ వెళ్ళేటప్పుడు కాస్త మంచిగా కనబడాలనుకోవడం మనిషికి సహజం కాదా? నా రచయిత పరిచయం పక్కన వేయడానికి పత్రికవాళ్ళు ఫొటో అడిగితే నేను నాలుగు తీయించుకుని, మూడు పక్కన పెట్టి, ఒకటి పంపుతాను. ఎంచుకునే వీలు నాకుంది. అదే వీలు ఆవిడ అడిగితే అది కృత్రిమం అయిపోయింది. పేదవాళ్ళ ఫొటో ‘నిజం’గా ఉండాలి, మన ఫొటో ‘బాగా’ ఉండాలి. ఈ రెండు కొలతలూ ఒకే సంచిలో పెట్టుకుని తిరిగాను.

ఈ కొలత మా బృందం కనిపెట్టింది కాదు. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’లో వలస ప్రభుత్వం ఈ దేశపు కులాలనీ తెగలనీ ఫొటోలుగా పేర్చింది. వాటిలో చాలామంది తమ పేరుతో లేరు, తమ కులం పేరుతో, తెగ పేరుతో ఉన్నారు. 1909లో వచ్చిన థర్‌స్టన్ ఏడు సంపుటాల్లోనూ అదే పద్ధతి. మేం వలస పాలకులం కాదు, మా ఉద్దేశం వేరు, నిజమే. అయినా మా ప్రదర్శనలో ఆవిడ ఫొటో కింద ఏం రాశాం? ‘లేసు అల్లే స్త్రీ, నరసాపురం’. ఆవిడకి పేరుందని మా అందరికీ తెలుసు. రాయాలని ఒక్కరికీ తోచలేదు.

ఉద్దేశం మంచిదైతే సరిపోతుందా అన్న ప్రశ్నకి డొరొతియా లాంగ్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1936లో కాలిఫోర్నియాలో, బఠానీ కోతకి వచ్చిన వలస కూలీల శిబిరంలో ఆమె ఒక తల్లిని ఫొటో తీసింది. ప్రపంచంలో అత్యధికంగా అచ్చయిన ఫొటోల్లో అదొకటి. దానివల్ల ఆ శిబిరానికి ప్రభుత్వం తిండి పంపింది కూడా. అప్పుడు ఆ తల్లి పేరు అడగలేదని లాంగ్ తర్వాత తానే రాసింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గానీ లోకానికి తెలియలేదు. ఆ ఫొటో వల్ల తనకి దక్కిందేమీ లేదని, అది తీయకపోయి ఉంటే బాగుండేదని థాంప్సన్ అంది. తీసింది స్త్రీ. పేదల పక్షాన నిలిచిన స్త్రీ. ఫొటో గొప్పది, మేలు కూడా చేసింది. అయినా ఆ మేలు ఆ ముఖం గల మనిషికి జవాబు కాదు. సమూహానికి చేసిన న్యాయాన్ని మనిషికి చేయాల్సిన న్యాయం కింద జమకట్టడం కుదరదు.

జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. కెమెరా కోణాలకి వాళ్ళు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నుంచి పైకి చూసేది బానిస చూపు. కళ్ళకి కళ్ళు సమంగా ఉండేది సంఘం షాట్. సినిమా సిద్ధాంతాలు చదువుకున్న మనకి ఏళ్ళు పట్టే విషయాన్ని వాళ్ళు తమ ఊరి అరుగు మీద, గడప దగ్గర జరిగేదాన్ని చూసి మూడు ముక్కల్లో తేల్చేశారు. ఇది తెలిసే నేను ఆ వసారాలో కింద కూర్చుని ఫొటోలు తీశాను. మోకాళ్ళు నొప్పెట్టినా లేవలేదు. సంఘం షాటే తీస్తున్నాననుకున్నాను. కానీ సంఘం షాట్ అంటే కెమెరా ఎత్తు ఒక్కటే కాదు. తీసే మనిషీ తీయించుకునే మనిషీ ఒకే సంఘంలో ఉండటం. రేపు ఆ మనిషి కెమెరా అందుకుంటే ఎదురుగా నేను కూర్చోగలగడం. నేను నేల మీద కూర్చున్నంత మాత్రాన ఆవిడ చేతికి కెమెరా రాలేదు. కనీసం చీర మార్చుకునే నిమిషం కూడా రాలేదు.

మా ప్రశ్నని అందరికంటే సూటిగా అడిగింది క్రైస్తవ పేటలో ఒకామె. ఈ పని ఆ పేట స్త్రీల చేతుల్లోనే మొదలైంది. “ఇది తీస్తే మీకేమొస్తుంది, మాకేమొస్తుంది?” అంది. మేం నవ్వి, మీ పని పదిమందికీ తెలుస్తుంది అన్నాం. “తెలిస్తే ఏజెంటు రేటు పెంచుతాడా?” అంది. బయటికొచ్చాక మాలో ఒకరు “గడుసు మనిషి” అన్నారు. నేను కాదనలేదు. దారం లెక్కన కూలి కట్టించుకునే మనిషి ప్రతి పనికీ లెక్క అడుగుతుంది, అడగాలి కూడా. ఆ అడగడం మాకు గడుసుతనంగా తోచిందంటే, అడగకుండా తలవంచుకుని కూర్చునేవాళ్ళ కోసమే మేం వెతుకుతున్నామన్నమాట.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు, అయితే ముస్తాబై దిగిన ఫొటోలే తీయాలంటారా అని అడగవచ్చు. అంత సులువైన జవాబు నా దగ్గర లేదు. పట్టుచీరలో, పూలకుండీ పక్కన, చేతిలో పని లేకుండా నిలబడ్డ స్త్రీ ఫొటో ఏం చెబుతుంది? ‘మా ఇంటి ఆడవాళ్ళు పనిచెయ్యరు’ అని చెబుతుంది. మీస్ బయటపెట్టిన అబద్ధం సరిగ్గా అదే. దిగే ఫొటోలో స్త్రీ కోరిక ఒక్కటే ఉండదు. ఇంటి పరువు, కులం పరువు, మగవాడి సంపాదన మీద ఎవరికీ అనుమానం రాకూడదన్న జాగ్రత్త, అన్నీ ఆమె పక్కన నిలబడి దిగుతాయి. శ్రమని చూపిస్తే మనిషి ముఖం పోతోంది. ముఖాన్ని ఆమె కోరినట్టు చూపిస్తే శ్రమ పోతోంది.

ఈ చిక్కు మాకు 2019లో, ప్రదర్శనకి రెండు రోజుల ముందు ఎదురైంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ఒక కోడలి ఫొటో ఉంది. అర్ధరాత్రి బల్బు కింద చంటిపిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని అల్లుతున్న ఫొటో. అన్నిటిలోకీ మంచిది అదేనని అందరం అనుకున్నాం. ముందు సరే అన్న ఆ అమ్మాయి ఫోన్ చేసి, “అక్కా, నాది పెట్టొద్దు” అంది. ఎందుకని అడిగితే, “వద్దక్కా, ఇంట్లో బాగోదు” అంది. ఆ రాత్రి మా బృందంలో పెద్ద గొడవ. ఇది ఆమె మాట కాదు, అత్తగారి మాట, మొగుడి మాట, దీన్ని ఒప్పుకుంటే పితృస్వామ్యానికి మనమే తలవంచినట్టు అని ఒకరు. మనం వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఉండాల్సింది ఆ అమ్మాయి, మనం కాదు అని ఇంకొకరు. నేను మొదట మొదటి పక్షానే ఉన్నాను. శ్రమని దాచమనే ఇంటి మాటకి లోబడి శ్రమ మీద ప్రదర్శన పెట్టడం ఏమిటి అన్నాను.

తెల్లారేదాకా ఆలోచిస్తే ఒక విషయం నన్ను కుదిపింది. ఆ అమ్మాయి ‘వద్దు’ అన్నది ఇంటి ఒత్తిడితోనే కావచ్చు. మరి ‘సరే’ అన్నది? కాలేజీ మేడం, నర్సు, చేతిలో ఖరీదైన కెమెరా, గుమ్మంలో నిలబడి అడిగితే సరే అంది. ఆ ‘సరే’ వెనక ఎవరి ఒత్తిడీ లేదా అని మేం ఒక్క క్షణమైనా అనుమానించామా? మనకి పనికొచ్చే సమ్మతిని స్వేచ్ఛ అనీ, పనికిరాని నిరాకరణని అణచివేత అనీ అనడం చాలా తేలిక. స్త్రీవాదం నేర్చుకున్న నాలాంటివాళ్ళకి మరీ తేలిక, ఎందుకంటే ఆ మాటలు మా నాలుక చివరే ఉంటాయి. పూర్తి స్వేచ్ఛలో పుట్టిన సరే గానీ వద్దు గానీ మనలో ఎవరి దగ్గరా లేదు. ఉన్నంతలో ఆ అమ్మాయి అన్న మాట అది. ఆమె మాటని ఆమె కంటే బాగా అర్థం చేసుకున్నానని ఆమె ముఖాన్ని గోడకి తగిలించే అధికారం నాకు ఎవరిచ్చారు?

ఫొటో తీసేశాం. ఆ చోట ఖాళీ ఉంచాలా, ఇంకోటి పెట్టాలా అన్నదాని మీద కూడా వాదన జరిగింది. చివరికి ఇంకోటి పెట్టాం. ఖాళీ పెడితే, ఎవరిది అని ఊరంతా ఆరా తీస్తుంది. మా నిరసన కోసం ఆమెని మళ్ళీ వాడుకున్నట్టవుతుంది.

ఆ పాఠం నేర్చుకున్నామని అప్పట్లో తృప్తిపడ్డాను. మూడేళ్ళ తర్వాత ఆ కొడుకు వచ్చినప్పుడు తెలిసింది, నేర్చుకున్నది సగమేనని. ‘వద్దు’ అన్నదాన్ని గౌరవించడం నేర్చుకున్నాను. ‘ఇలా కావాలి’ అన్నదాన్ని వినలేదు. నిరాకరణకి విలువ ఇచ్చి కోరికకి ఇవ్వకపోతే, అవతలి మనిషికి మనం తలుపు మూసుకునే హక్కు మాత్రమే ఇచ్చినట్టు. ఆ పెద్దావిడ తలుపు మూయలేదు. తెరిచి, ఒక్క నిమిషం ఆగమంది. అంతే అడిగింది.

ఇప్పుడు మా బృందంలో ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటికి వెళ్ళినా మొదటి ఫొటో వాళ్ళు దిగేదే. ఎక్కడ నిలబడతారో, ఏం కట్టుకుంటారో, ఎవరిని పక్కన నిలబెట్టుకుంటారో వాళ్ళిష్టం. అది అచ్చువేయించి చేతికిచ్చాకే పని ఫొటోల మాట ఎత్తుతాం. తీసినవి వాళ్ళకి చూపించి, వద్దన్నవి వాళ్ళ ముందే చెరిపేస్తాం. ఫొటో కింద పేరు రాయాలో వద్దో వాళ్ళే చెబుతారు. దీనివల్ల ప్రాజెక్టులు నెమ్మదిగా సాగుతున్నాయి, కొన్ని మధ్యలో ఆగిపోయాయి. మంచి ఫొటోలు పోతున్నాయని బృందంలో ఇద్దరు మానేశారు. వాళ్ళ మాటలో నిజం లేదని అనలేను. ఆ అర్ధరాత్రి బల్బు కింది ఫొటో నలుగురూ చూసి ఉంటే, మీస్ పుస్తకం చెప్పినదాన్ని పుస్తకం చదవనివాళ్ళకి కూడా చెప్పేది. ఆ నష్టం నిజమైనదే. ఆ నష్టాన్ని భరించాల్సింది మేం, ఆ అమ్మాయి కాదు అన్నదొక్కటే నేను చెప్పగలిగింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పత్రికల్లో లేసు ఫొటోలు చూశాను. వేళ్ళు, సూది, తెల్లటి పువ్వులు. చాలా బాగున్నాయి. అలాంటివి నా దగ్గర నలభై మూడు ఉన్నాయి.

ఆ వారమే ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. పటం వసారాలోనే, ఆవిడ ఆనుకుని కూర్చునే గోడకే ఉంది. ఆధార్ ఫొటోని స్టూడియోవాళ్ళు పెద్దది చేసి, వెనక నీలంరంగు పెట్టి, భుజాల మీద మెరూన్‌రంగు పట్టుచీర అతికించారు. మెడ దగ్గర అతుకు తెలుస్తోంది. ముఖం కాస్త బెదిరినట్టు ఉంది, ఆధార్ ఫొటోల్లో అందరం ఉన్నట్టే. అయినా చీర మాత్రం ఆవిడ కోరుకున్నలాంటిదే. పటం కింద టీవీ మీద ఆవిడ అల్లిన లేసుగుడ్డ కప్పి ఉంది.

కోడలు టీ తెచ్చి ఇచ్చి, నా భుజానికున్న సంచి వైపు చూసింది. “కెమెరా తెచ్చారాండీ?” అంది. తెచ్చానన్నాను. “అయితే నాదొకటి తీసిపెట్టండి” అని, నేను సంచి విప్పబోతుంటే ఆపింది. “ఇప్పుడు కాదండీ. ఆదివారం రండి. తలంటుకుని ఉంటాను.”

ఆదివారం వస్తానని చెప్పి లేచాను.